మంట చూసినవాడే బాధ్యుడు

నెమలికొండ ఏటా ఎండాకాలంలో అంటుకునేది. ఎవరు అంటించారంటే ఒకరి పేరు చెప్పలేం. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఎండాకులు కాల్చినవాడు కావచ్చు, ఘాటురోడ్డు మీంచి బీడీ విసిరేసిన లారీ క్లీనరు కావచ్చు, సెలవురోజున వచ్చి కోడిని కాల్చుకు తిని పొయ్యి ఆర్పకుండా కారెక్కిపోయిన పట్నం బాబులు కావచ్చు. కొండ కింద ఈతమానుగొంది అని ముప్పై ఒక్క గడప ఊరుంది. మంట కనపడగానే ఊరంతా పచ్చికొమ్మలు విరుచుకుని ఎగబడేది. ఆ కొమ్మలతో నేలకేసి బాది బాది మంటని చంపేవారు. ఆరాక ఏట్లో మునిగి, అంబలి తాగి పడుకునేవారు. ఈ మొత్తం వ్యవహారానికి ఖర్చెంత, అది ఎవరు భరించాలి అన్న ఆలోచన తాతల నాటినుంచీ ఒక్క బుర్రకీ తట్టలేదు. చదువు లేకపోతే మనుషులు ఇలాగే తయారవుతారు మరి.

పైగా మంటని చూడటం అక్కడ ఒక గొప్ప. మామిడికొత్త పండగనాడు పూజారి కోసే మొదటి మామిడిముక్క, ఆ ఏడు కొండమీద మంటని అందరికంటే ముందు చూసి కేకేసినవాడి చేతిలో పెట్టడం ఊరి ఆనవాయితీ. ముక్క పులుపంటే మామూలు పులుపు కాదు, పళ్లు జివ్వుమంటాయి. అయినా దాని కోసం పెద్దపెద్ద వాళ్లు కూడా ఎండాకాలమంతా కొండవైపు మొహం పెట్టుకుని కూర్చునేవారు.

కెచ్చెల సింగారెడ్డికి యాభై రెండేళ్లొచ్చినా ఆ ముక్క ఒక్కసారీ దక్కలేదు. ఎప్పుడు మంట లేచినా ఆయన నిద్రలోనే ఉండేవాడు. ఆ ఏడు కూడా అంతే అయ్యేది. మధ్యాహ్నం జీడితోటలో ఆయన నీడకి నడుం వాల్చాడు. భార్య బాపనమ్మ రాలిన పిక్కలేరుతూ తలెత్తి చూసేసరికి కొండ నడుము మీద పొగ. ఆవిడ మొగుణ్ణి డొక్కలో పొడిచి లేపింది. ఆయన లేచి, ఊళ్లోకి పరిగెత్తి, గుండెలు బాదుకుంటూ కేకేశాడు. ఆవిడ అక్కడే ఉండి చెట్ల మొదళ్లలో ఎండాకు ఊడ్చుకుంటూ కూర్చుంది. కాబట్టి ఊరి లెక్కలో ముందు చూసింది సింగారెడ్డే అయ్యాడు. ఆయన కాదనలేదు. ఆవిడా నోరెత్తలేదు. యాభై రెండేళ్ల మనిషి, ఒక పుల్లముక్క తినాలని సరదా పడుతున్నాడు, తిననీ అనుకుంది. మంట మర్నాడు మధ్యాహ్నానికి ఆరింది. పండగనాడు సింగారెడ్డి ముక్క నోట్లో వేసుకుని, కన్నీళ్లు కారుతుంటే కూడా నవ్వుతూ నిలబడ్డాడు.

ఆ తోట సంగతి కాస్త చెప్పాలి. రెండున్నరెకరాలు, నూట అరవై చెట్లు. పద్దెనిమిదేళ్ల కిందట మొగుడూ పెళ్లాం కావిడితో ఏటినుంచి నీళ్లు మోసి బతికించిన చెట్లు. అయితే భూమికి పట్టా లేదు. పట్టా లేని తోటమీద బ్యాంకు అప్పివ్వదు, షావుకారు సరైన ధర కట్టడు, అడవిశాఖ వాళ్లు ఏ రోజు వచ్చి ఇది మాది లెమ్మన్నా లేవాల్సిందే. అటవీ హక్కుల పట్టా కోసం సింగారెడ్డి పెట్టిన అర్జీ ఏడేళ్లుగా ఒక్కో బల్లా ఎక్కి దిగుతూ, ఇప్పుడు చివరి బల్ల దగ్గరికి వచ్చింది. ఒక్క సంతకం మిగిలింది. బాపనమ్మ ఆ సంతకం పడ్డ రోజున కొత్త చీర కట్టుకోవాలని, చీర ఇప్పటికే కొని పెట్టెలో దాచుకుంది.

ఆ సంతకం పెట్టాల్సిన అడవిశాఖ డివిజన్ అధికారి మృత్యుంజయరావుగారు, సరిగ్గా ఆ నెలలోనే, ఒక చల్లటి ఊళ్లో మూడురోజుల శిక్షణకి వెళ్లొచ్చారు. శిక్షణ విషయం దావానలాల ఆర్థికశాస్త్రం. వెళ్లేముందు ఆయనకి మంట అంటే మంట అని మాత్రమే తెలుసు. తిరిగొచ్చాక, మంట అంటే సరైన బాధ్యుడు దొరకని వ్యయం అని తెలిసింది. వస్తూ వస్తూ రెండొందల పేజీల పుస్తకం ఒకటి సంకనపెట్టుకొచ్చారు. అందులో అడవికి ఏది పోతే ఎంత కట్టాలో రాసుంది. నెమలికొండమీద కాలింది నలభై హెక్టార్లు. ఆయన సిబ్బందిని కూర్చోబెట్టి లెక్క వేయించారు. కాలిన చెట్లు, మొక్కలు, పుట్టాల్సి ఉండి పుట్టని మొక్కలు, పోయిన నీడ, వీచకుండా పోయిన చల్లగాలి, పక్షులు కూయాల్సి ఉండి కూయని కూతలు, రోడ్డుమీద పోయే యాత్రికులకి కలగాల్సి ఉండి కలగకుండా పోయిన ఆనందం, వీటన్నిటికీ వేరువేరుగా ధర కట్టారు. మంట ఆరిన మూడోరోజున వచ్చి చూసి వెళ్లిన జీపు డీజిలూ, జీపులో వచ్చినవాళ్ల భోజనాలూ కూడా కలిపారు. మొత్తం ఒక కోటీ ఎనభై ఆరు లక్షల నలభై వేలు తేలింది.

ఎంతో తేలాక ఎవరు అన్నది మిగిలింది. ముందు, న్యాయంగా, మంట పేరనే నోటీసు తయారుచెయ్యబోయారట. నమూనాలో తండ్రి పేరు, వయసు, ఇంటి నంబరు అని గళ్లున్నాయి. గుమాస్తా అక్కడ ఆగిపోయాడు. అంటించినవాడిమీద రాద్దామంటే వాడెవడో తెలియదు, తెలియనివాడికీ తండ్రి పేరు ఉండదు. మృత్యుంజయరావుగారు ఒక రాత్రంతా పుస్తకం తిరగేసి, పొద్దున్నే మొహం వెలిగిపోతూ ఆఫీసుకొచ్చారు. సంఘటనా స్థలంలో ఉన్నట్టు రుజువైన మనిషే బాధ్యుడు. రాని మనిషి వచ్చినట్టు రుజువుండదు కాబట్టి వాడు బాధ్యుడు కాడు. వచ్చినవాడు రుజువుతో సహా దొరుకుతాడు. ఇందులో మూడు మెట్లు: దర్శనం, ఉపస్థితి, ప్రమేయం. ముందుగా చూసినవాడు నష్టంలో నలభై వంతులు, అక్కడ ఉన్నవాళ్లు ముప్పై, మంట జోలికి పోయినవాళ్లు ముప్పై. దీనికి ఆయన దావానల వ్యయ బాధ్యతా నిర్ధారణ విధానం అని పేరు పెట్టి, నాలుగు అట్టల ఫైలు కుట్టించారు.

విచారణకని గుమాస్తా ఒకాయనా, బీటు గార్డు ఇమ్మానుయేలూ ఊరికొచ్చారు. ఇమ్మానుయేలు ఆ చుట్టుపక్కల వాడే, మంచివాడు, అందుకే ఇరవై ఏళ్లుగా బీటు గార్డుగానే ఉన్నాడు. గుమాస్తా చాపమీద కూర్చుని, మంట ముందు చూసిందెవరు, ఆర్పడానికి ఎవరెవరు వెళ్లారు, ఎవరేం చేశారు, నిర్భయంగా చెప్పండి అన్నాడు. కాగితాలూ, సిరాపెట్టే, ఫొటో తీసే ఫోనూ చూసేసరికి సింగారెడ్డికి ఇది కచ్చితంగా సన్మానమే అనిపించింది. పంద్రాగస్టుకి కలెక్టరాఫీసులో శాలువా కప్పుతారని మనసులో అనేసుకున్నాడు.

“ముందు సూసింది నేనేనండి. రాసుకోండి. కొమ్మలు నలభై మూడు ఇరిశానండి. కడాకరికి కొండ దిగింది కూడా నేనేనండి.”

ఇమ్మానుయేలు రెండుసార్లు దగ్గాడు. మూడోసారి కాలు తొక్కాడు. సింగారెడ్డి కాలు వెనక్కి లాక్కుని, గొంతు ఇంకాస్త పెంచి, మంట తన ఎత్తున లేస్తే తను ఒక్కడే ఎదురు నిలిచానని చెప్పాడు. పక్కనున్న వాళ్లు మేమూ వచ్చామని గొణిగితే, మీరేం వచ్చారు, నేను ఆర్పిన చోట నిలబడి చెమట తుడుచుకున్నారు అని కొట్టిపారేశాడు. చివరికి పచ్చికొమ్మ ఒకటి చేత్తో ఎత్తి పట్టుకుని ఫొటో కూడా దిగాడు. వేలిముద్ర వేసే ముందు బాపనమ్మ వాకిట్లోంచి ఏటయ్యా అది, సదివించుకున్నావా అని అడిగింది. సన్మానానికి చదువెందుకే అని ఆయన బొటనవేలు సిరాలో ముంచాడు.

నెల తిరక్కుండా రిజిస్టరు కవరొచ్చింది. అంగన్‌వాడీ టీచరు ఊరందరి ముందూ చదివింది. సదరు కెచ్చెల సింగారెడ్డి, తండ్రి లేటు చిన్నిరెడ్డి, సదరు మంటను ప్రప్రథమముగా దర్శించుటయేగాక, ఎట్టి అనుమతియు లేకుండ నలభై మూడు పచ్చికొమ్మలను అటవీ వృక్షములనుండి వేరుపరచి, వాటితో సదరు మంటకు అంతరాయము కలిగించినట్లు స్వయముగా అంగీకరించియున్నందున, దర్శనము కింద డెబ్బది నాలుగు లక్షల ఏబదియారు వేలు, కొమ్మల కింద పదిహేను వేల ఏబది రూపాయలు చెల్లించవలెనని, అంతవరకు అతని పట్టా దరఖాస్తు నిలుపుదల చేయడమైనదని, మిగతా వంతులు తదుపరి విచారణలో తేలినవారినుండి వసూలు చేయబడునని ఉంది. కింద, ఇతని సత్యసంధతను శాఖ అభినందించుచున్నది అని కూడా ఉంది.

సింగారెడ్డికి డెబ్బై నాలుగు లక్షలంటే ఎన్నో తెలియలేదు. పట్టా నిలుపుదల అన్నమాట తెలిసింది. అరుగుమీద కూలబడ్డాడు.

తదుపరి విచారణ మాట వినగానే ఊళ్లో పెద్ద మార్పొచ్చింది. మొన్నటిదాకా మేమూ ఆర్పామని సింగారెడ్డిమీద పళ్లు నూరినవాళ్లు, ఇప్పుడు ఆ రెండు రోజులూ ఊళ్లోనే లేరు. ఒకాయన పెళ్లికి వెళ్లానన్నాడు. ఎవరి పెళ్లని గుమాస్తా అడిగితే, కంగారులో నా పెళ్లేనండి అన్నాడు. ఆయనకి పెళ్లీడుకొచ్చిన కూతురుంది. ఇంకొకాయనకి మలేరియా. పూజారి చేతిమీద మంట కాల్చిన మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. అది గంజి ఒలికి కాలిందని దేవుడిమీద ఒట్టేశాడు. గుమాస్తా అన్నీ ఓపిగ్గా రాసుకుని, నలభై హెక్టార్ల మంటని సింగారెడ్డి ఒక్కడే ఆర్పినట్టు తేల్చాడు. మిగిలిన అరవై వంతులూ ఆయనమీదికే వచ్చాయి.

ఊరివాళ్లు చెడ్డవాళ్లేం కాదు. భయపడ్డారు, అంతే. రాత్రి చీకట్లో ఒకళ్లిద్దరు వచ్చి, బాపనమ్మ చేతిలో కాసిన్ని చోడిగింజలు పోసి వెళ్లిపోయారు.

విచారణకి మొగుడూ పెళ్లాం ఇద్దరూ డివిజన్ ఆఫీసుకెళ్లారు. మృత్యుంజయరావుగారు వాళ్లని కుర్చీల్లో కూర్చోమన్నారు. మనిషి మర్యాదస్తుడు. ఇందులో వ్యక్తిగత ద్వేషం లేదనీ, నిప్పుకే నోటీసు ఇవ్వాలని తమ కార్యాలయం చిత్తశుద్ధితో ప్రయత్నించిందనీ, దానికి తండ్రి లేకపోవడం వల్లే ఇంతదాకా వచ్చిందనీ వివరించారు. సింగారెడ్డి రెండు చేతులూ జోడించి, అబద్ధం చెప్పానండి, ముందు చూసింది నేను కాదు, నా ఆడది అన్నాడు. ఆ మాట అన్నాక భార్యవైపు చూడలేక తల దించుకున్నాడు.

అధికారిగారు పుస్తకం తిరగేశారు. ఆ పక్షంలో దర్శన బాధ్యత శ్రీమతి బాపనమ్మకి బదిలీ అవుతుందనీ, తప్పుడు దర్శనం నమోదు చేయించినందుకు భర్తకి వేరే అపరాధ రుసుము పడుతుందనీ, పట్టా ఎలాగూ ఇద్దరి పేర్లమీదా ఉమ్మడిగా రావాల్సిందే కాబట్టి నిలుపుదలలో మాత్రం మార్పు ఉండదనీ సెలవిచ్చారు.

బాపనమ్మ అంతసేపూ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. అప్పుడు నోరు విప్పింది.

“బాబుగారూ, మేం ఆర్పకపోతే ఏటయ్యేదండి?”

“అగ్ని నిరాటంకంగా పురోగమించేది. సుమారు నాలుగువందల హెక్టార్లు దగ్ధమయ్యేవి.”

“దాని కరుసు ఎవరిస్తారండి?”

మృత్యుంజయరావుగారు మళ్లీ పుస్తకంలోకి వెళ్లారు. నూట ముప్పయ్యో పేజీ దగ్గర ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి. ఎవరూ చూడని మంట నమోదు కాదు. నమోదు కానిదానికి పద్దు ఉండదు. పద్దు లేనిది వ్యయం కిందికి రాదు.

“అయితే కొండంతా బూడిదైపోతే ఎవరికీ కానీ కరుసు లేదు. సగంలో ఆర్పితే కోటీ ఎనభయ్యారు లచ్చలు. అంతేనాండి?”

“సాంకేతికంగా అంతే అమ్మా,” అన్నారాయన. పైగా చాలా సంతోషించారు. మూడురోజుల శిక్షణలో తనతో కూర్చున్న అధికారుల్లో ఒక్కరు కూడా ఈ సూత్రాన్ని ఇంత త్వరగా గ్రహించలేదని మెచ్చుకుని, ఇద్దరికీ టీ తెప్పించారు.

టీ తాగుతుండగా ఆయనకే ఒక మార్గం తోచింది. అదర్శన ధ్రువీకరణ పత్రం. ఫలానా తేదీన నెమలికొండమీద నేను ఏ మంటనూ చూడలేదు, మంటా లేదు, దానిని ఆర్పనూ లేదు అని ఊళ్లో ప్రతి గడపా రాసిస్తే, ఆ మంట ఆదినుంచీ లేనట్టే. మంట లేకపోతే నష్టం లేదు, నష్టం లేకపోతే నోటీసు లేదు, నోటీసు లేకపోతే పట్టాకి అడ్డూ లేదు. ఒక్కటే షరతు. ఇకముందు కూడా ఏ మంటనూ చూడబోమని, ఒకవేళ చూసినా, ఆర్పినా, పాత మొత్తం వడ్డీతో సహా తిరిగి ప్రాణం పోసుకుంటుందని, పట్టా రద్దవుతుందని అందులో ఉంటుంది. సింగారెడ్డి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టబోతే, ప్రజాసేవ మా విధి అని ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

ముప్పై ఒక్క గడపా సంతోషంగా వేలిముద్రలు వేసింది. చూడ్డం మానేయడం అంత కష్టమేమీ కాదనిపించింది అందరికీ. ఈ పద్ధతి బావుందని డివిజన్ మొత్తంలో మిగతా ఊళ్లచేత కూడా రాయించారు. ఏడాది తిరిగేసరికి ఆ డివిజన్‌లో ఒక్క మంటా నమోదు కాలేదు. పెద్ద ఆఫీసునుంచి ప్రశంసాపత్రం వచ్చింది. మృత్యుంజయరావుగారికి శాలువా కప్పారు. ఆ శాలువా కప్పుతున్న ఫొటోలో, వెనకాల కిటికీలోంచి, ఏదో ఒక కొండ నల్లగా కనిపిస్తుంది. ఫొటో కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. సింగారెడ్డి పట్టామీద చివరి సంతకం పడింది. శుక్రవారం అధికారిగారే స్వయంగా ఊరొచ్చి, పట్టా ఇచ్చి, తోటలో నిలబెట్టి ఫొటో దిగుతారని ఇమ్మానుయేలు కబురు తెచ్చాడు. బాపనమ్మ పెట్టెలోంచి చీర తీసి దండెంమీద ఆరేసింది. చెట్లు ఆ ఏడు విరగకాశాయి. పిక్కలు రాలబోతున్నాయి.

గురువారం మధ్యాహ్నం మూడింటికి పొగ వాసనొచ్చింది.

వాకిట్లో మంచాలమీద ఉన్నవాళ్లు లేచి, మంచాలు రెండోవైపుకి తిప్పుకుని, కొండకి వీపు పెట్టి మళ్లీ కూర్చున్నారు. పూజారి తలుపేసుకుని గడియపెట్టాడు. కళ్లలోకి పొగ వస్తే, చూసినట్టవుతుందేమోనని తువ్వాళ్లు కట్టుకున్నారు. కొత్తగా కాపరానికొచ్చిన ఒక కోడలు నోరు తెరవబోతే అత్తగారు ఆ నోటిమీద చెయ్యి పెట్టింది. మంట తాపీగా కొండ దిగింది. దానికి ఆ ఏడు ఎదురు వచ్చినవాళ్లు లేరు.

జీడితోట అంటుకున్న సంగతి చూడక్కర్లేకుండానే తెలిసిపోతుంది. పిక్కల్లో నూనె ఉంటుంది. మంట తగిలితే టపటపా పేలతాయి. ఆ చప్పుడు మొదలయ్యేసరికి బాపనమ్మ లేచింది. కంచె పక్కన కానుగకొమ్మ ఒకటి విరిచి అడుగేసింది. సింగారెడ్డి అడ్డం వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

“ఒక్క రోజే బాపనమ్మా. రేపు కాయితం సేతికొచ్చేస్తది.”

“కాయితానికి పిక్కలు కాస్తాయా?”

ఆయన చెయ్యి వదల్లేదు. పెనుగులాడితే వదిలేస్తాడని ఆవిడకి తెలుసు. ఆర్పితే భూమి పోతుంది, ఆర్పకపోతే చెట్లు పోతాయి. చెట్లు మళ్లీ పెట్టుకోవచ్చు, ఇంకో పద్దెనిమిదేళ్లు బతికితే. ఆవిడ కొమ్మ కింద పడేసి, మొగుడి పక్కనే కొండకి వీపు పెట్టి కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సింగారెడ్డి కూడా ఏడ్చాడు. పొద్దుగూకేదాకా పిక్కలు పేలుతూనే ఉన్నాయి.

శుక్రవారం పదకొండింటికి రెండు జీపులొచ్చాయి. దారి పొడుగునా రెండువైపులా బూడిదే. జీపుకి ముందు అద్దముంది, పక్క అద్దాలున్నాయి, అయినా దిగినవాళ్లెవరూ ఏమీ చూడలేదు. బడి దగ్గర షామియానా వేశారు. బాపనమ్మ కొత్త చీర కట్టుకోలేదు. దండెంమీద రాత్రంతా ఉండి అది మసిపట్టిపోయింది. మృత్యుంజయరావుగారు గొంతు సవరించుకుని, మధ్యమధ్య దగ్గుతూ, అగ్నిరహిత గ్రామ నిర్మాణంలో ఈతమానుగొంది ప్రజల క్రమశిక్షణ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. తర్వాత పట్టా చదివారు. కెచ్చెల సింగారెడ్డి, భార్య బాపనమ్మ, ఉమ్మడిగా. రెండెకరాల యాభై సెంట్లు. అందులో ఫలసాయమిచ్చు జీడిమామిడి చెట్లు నూట అరవై, మంచి స్థితిలో. ఊరు చప్పట్లు కొట్టింది. సింగారెడ్డి రెండు చేతులతో కాగితం అందుకుని కళ్లకద్దుకున్నాడు.

ఇక తోటలో ఫొటో. అందరూ నడిచారు. తోట గట్టు దగ్గరికి రాగానే అధికారిగారు ఆగిపోయారు. నల్లటి నేల, అక్కడక్కడ మోకాలెత్తున నల్లటి మొండేలు. కొన్నిట్లోంచి ఇంకా సన్నగా పొగ లేస్తోంది.

చెట్లేవీ అని ఆయన అడిగారు. సింగారెడ్డి చేతిలోని కాగితం చూసి, నేల చూసి, మళ్లీ కాగితం చూశారు. నిజంగానే బాధపడ్డట్టున్నారు. పట్టా భూమిలో చెట్లు శాఖ అనుమతి లేకుండా తొలగించరాదనీ, ఒకటీ రెండూ కాదు నూట అరవై తొలగించడం ఘోరమైన ఉల్లంఘన అనీ, ఇది కేసు అవుతుందనీ, పట్టా ఇప్పుడే వెనక్కి తీసుకోవలసి వస్తుందనీ అన్నారు. నేను తొలగించలేదండి అన్నాడు సింగారెడ్డి. మరి ఎవరు తొలగించారు? మంటా? ఈ ఊళ్లో మంటలు లేవు కదా. మీరే రాసిచ్చారు కదా. ఇమ్మానుయేలు ముందుకొచ్చి, నేల నల్లగా ఉంది సార్ అన్నాడు. నేల రంగు మన పరిధిలోకి రాదయ్యా అని ఆయన విసుక్కున్నారు. అయినా మనిషి న్యాయం తప్పేవాడు కాదు. ఊరివైపు తిరిగి, నిన్న ఇక్కడ ఎవరైనా మంటని చూశారా, చూస్తే చెప్పండి, నమోదు చేస్తాం అన్నారు.

ముప్పై గడపలవాళ్లూ నేలచూపులు చూశారు.

“నేను సూశాను,” అంది బాపనమ్మ. గొంతు పెద్దదేం కాదు, అందరికీ వినపడింది. “నిన్నా సూశాను. నిరుడూ ముందు సూసింది నేనే. ఎటూ పోయేదే అయితే, నిజం సెప్పి పోగొట్టుకుంటాను. రాసుకోండి.”

గుమాస్తా కలం తీశాడు. సింగారెడ్డి అప్పటిదాకా పట్టా గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. దాన్ని అధికారిగారి చేతిలో పెట్టేసి, భార్యకి ముందుకొచ్చి నిలబడ్డాడు.

“అది అబద్ధమండి. ముందు సూసింది నేనేనండి. దానికేటీ తెలీదు. నా పేరే రాసుకోండి.”

“నువ్వు నిద్దర్లో ఉన్నావయ్యా,” అంది బాపనమ్మ.

“లేనండి. మెలకువగానే ఉన్నానండి. రెండుసార్లూ నేనేనండి.”

ఆవిడ ఆయన్ని పక్కకి నెట్టింది. ఆయన మళ్లీ ముందుకొచ్చాడు. గుమాస్తా కలం పట్టుకుని ఎవరి పేరు రాయాలో తెలియక పైఅధికారి వైపు చూశాడు. గళ్లలో ఒక్క పేరుకే చోటుంది. మృత్యుంజయరావుగారు పుస్తకం జీపులో వదిలేసి వచ్చారు. కాసేపు ఆలోచించి, ఇద్దరివీ రాసుకొమ్మన్నారు. పట్టామీద ఉన్న వరుసలోనే రాశారు.